కట్టుమస్తు

మన తిరుత్తణి ప్రాంతమున ఒక మనిషి దేహమును మెచ్చుకొనవలసి వచ్చినపుడు పెద్దలు వాడు మాట యొకటి కలదు. అది కట్టుమస్తు. "పిల్లవాడు కట్టుమస్తుగా నున్నాడు" అందురు. సంతలో కోడెను బేరమాడు రైతు దాని మూపురమును చరచి "కట్టుమస్తైన కోడె" అనును. అరక్కోణము బండిలో వినబడును, తిరువళ్ళూరు బస్సుల నిలయమున వినబడును, పెండ్లిపందిట కొత్త పెండ్లికొడుకును చూచి గుసగుసలాడు ఆడువారి నోట వినబడును. ఎదుటివారు తెలుగువారా, తమిళులా అని చూడనక్కరలేదు. ఇరువురకును అది పుట్టుకనుండి తెలిసిన మాటయే. ఇంత తేటయైన మాటను గూర్చి ఒక వ్యాసము వ్రాయవలసిన పని యేమి యని చదువరులు అడుగవచ్చును. పని యున్నది.

కొంతకాలము క్రిందట ఒక బాలుడు వ్రాసిన చిన్న కథ మా చూపునకు వచ్చినది. సైన్యమునుండి సెలవుపై ఇంటికి వచ్చిన మేనమామను వర్ణించుచు ఆ బాలుడు "మామ కట్టుమస్తుగా నుండెను" అని వ్రాసియున్నాడు. దిద్దినవారు ఆ మాట క్రింద ఎఱ్ఱసిరాతో గీత గీచి, ప్రక్కన "అరవము" అని వ్రాసి, పైన "దృఢకాయుడై" అని సవరించిరి. సవరణ తప్పు కాదు. దృఢకాయుడు మంచి మాటయే. కాని ఆ బాలుడు తరువాత వ్రాసిన వ్యాసములను కూడ మేము చూచితిమి. వాటిలో మేనమామ లేడు, ఊరు లేదు, ఇల్లు లేదు. పాఠ్యపుస్తకము నుండి ఎత్తి చేర్చిన వాక్యములు మాత్రమే యున్నవి. ఒక్క ఎఱ్ఱగీతతో ఆ పిల్లవాడు నేర్చుకొన్న పాఠ మేమనగా, తన యింట వినబడు తెలుగు తెలుగు కాదని.

దిద్దినవారిని నిందించుట మా ఉద్దేశము కాదు. చేతిలో ఎఱ్ఱసిరా పట్టినది ఒక భయము. ఆ భయము ఈ ప్రాంతపు తెలుగువారి కెల్లరకును తెలిసినదే. దానిని గూర్చి తరువాత చెప్పెదము. మొదట మాట సంగతి చూతము. అది నిజముగా అరవమా?

కట్టుమస్తు రెండు ముక్కల మాట. మొదటి ముక్క కట్టు. ఇది తెలుగు, తమిళము, కన్నడము మూడింటను ఒకే రూపమున నిలిచియున్న ధాతువు. పంచె కట్టుదుము, పశువును కట్టుదుము, ఇల్లు కట్టుదుము, చెరువునకు గట్టు వేయుటను కూడ కట్ట కట్టుట యందుము. కట్టడము, కట్టడి, కట్టుబాటు, కట్టుదిట్టము అను మాటలన్నియు దీని సంతానమే. ఈ ధాతువు సముద్రములను కూడ దాటినది. దుంగలను చేర్చి త్రాళ్ళతో బిగించిన తెప్పను తమిళులు కట్టుమరము అందురు. ఆంగ్లేయులు దానిని తమ నాలుకకు అనువుగా కాటమరాన్ అని మార్చుకొని లోకమంతట వాడుచున్నారు. నదికి అడ్డముగా కట్టిన ఆనకట్టను ఆంగ్ల ఇంజనీర్లు అనికట్ అని తమ లెక్కలలో వ్రాసికొనిరి. దేహ విషయమున కట్టు అనగా బిగువు. ఎముకకు కండ వదులుగా వ్రేలాడక త్రాడు బిగించినట్లు అమరియుండుట. తమిళులు ఇదే భావమున కట్టాన ఉడల్ అందురు. ఆ ఉడల్ మన ఒడలే. ఇంతవరకు ఈ మాటపై తమిళునకు ఎంత హక్కో తెలుగువానికిని అంతే హక్కు.

రెండవ ముక్క మస్తు. ఇచటనే కథ రసవత్తరమగును. ఇది పారసీకమునుండి హిందూస్థానీ ద్వారా దక్షిణమునకు వచ్చిన మాట. ఆ భాషలో మస్త్ అనగా మత్తెక్కిన, మదించిన యని అర్థము. మదపుటేనుగును ఉత్తరదేశపు మావటివారు మస్త్ హాథీ యందురు. మగ ఏనుగునకు కొన్ని కాలములందు కంటికిని చెవికిని నడుమ నున్న గ్రంథినుండి ద్రవము స్రవించును. అపుడది మావటివాని మాటయు వినదు. ఈ స్థితికి ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మస్త్ అనునదే. వారు దానిని మన దేశమునందే నేర్చుకొనిరి. మన కవులు ఆ ద్రవమునే మదజలము, దానజలము అనిరి. ఆ ఏనుగే మత్తేభము. అందు పేర ఒక వృత్తమే కలదు. పదవ తరగతి విద్యార్థి గణములు కట్టలేక తల గోకికొనునది దానినే.

మత్తేభములోని మత్తమునకును, మస్తుకును గల చుట్టరికము యాదృచ్ఛికము కాదు. సంస్కృతమును ప్రాచీన ఇరాను భాషలును ఒక తల్లి బిడ్డలు. మద్ అను ధాతువునకు త అను ప్రత్యయము చేరినపుడు సంస్కృతమున మత్త అగును. ఇరాను భాషలలో అట్టి చోట స్త అని వచ్చుట నియమము. కావున అచట మస్త్ అయినది. ఇట్టిదే మఱియొక జంటను చూడుడు. కట్టుట యను అర్థమున సంస్కృతమున బంధ్ ధాతువు కలదు, దానినుండి బద్ధ. పారసీకమున దానికి సరియైనది బస్త. మన రైతు భుజమున కెత్తుకొను వడ్ల బస్తా ఆ మాటయే: కట్టినది, మూటగా బిగించినది యని. పోలీసువారి బందోబస్తు కూడ ఆ ఇంటి పిల్లయే. బంద్, బస్త్ అను రెండు కట్లు అందున్నవి. మన కట్టుదిట్టమునకు అంతకంటె దగ్గరి అనువాదము దొరకదు.

అనగా మస్తు, మత్తు అనునవి అక్కచెల్లెండ్ర బిడ్డలు. ఒకటి సంస్కృతము ద్వారా మన యింటికి ముందుగా వచ్చి కూర్చున్నది. రెండవది పారసీకమును చుట్టి వచ్చినందున కొంత ఆలస్యమైనది. మత్తును ఇంటిమాట యని ఆదరించి మస్తును పరాయిదని గెంటువారు బంధుత్వము సరిగా విచారింపలేదని మా తలంపు.

సంస్కృతమున మస్తు అను మఱియొక మాట యున్నది. దాని అర్థము పెరుగుపై తేరు తేట. ఒక మిత్రుడు దీనిని పట్టుకొని, పెరుగన్నము తిని బిగిసినవాడే కట్టుమస్తు అని వేడుకకు వ్యుత్పత్తి చెప్పెను. పెరుగు తినుట మంచిదే. వ్యుత్పత్తి మాత్రము నిలువదు. రూపము పోలినంత మాత్రమున చుట్టరికము కలుపరాదు. పల్లవులకును పారసీకపు పహ్లవులకును పేరు పోలికను బట్టి ఒకప్పుడు కొందరు చరిత్రకారులు వంశమే కలిపిరి. తరువాతివారు దానిని త్రోసివేసిరి.

రెండు ముక్కలు కలిసినపుడు పుట్టిన అర్థము చిత్రమైనది. కట్టు అణచునది. మస్తు పొంగునది. ఒకటి త్రాడు, ఒకటి ఏనుగు. బిగువు మాత్రమే యున్నచో మనిషి ఎండుకట్టెవలె నుండును. పొంగు మాత్రమే యున్నచో బొజ్జ. రెండును ఒక దేహమున సమముగా నున్నపుడే మన పెద్దలు ఈ మాటను ఖర్చుపెట్టుదురు. సంస్కృతమున దేహమును వర్ణించు సమాసములకు కొదువ లేదు. కాని వాటిలో పెక్కు అంగములను విడివిడిగా చెప్పును. ఆజానుబాహువు చేతుల సంగతి. వృషస్కంధుడు మూపుల సంగతి. దృఢకాయుడు దేహమంతటిని చెప్పును గాని అందు పొంగు లేదు. రాతిబొమ్మకు కూడ దృఢకాయము చెల్లును. కట్టుమస్తు అనిన మాటలో నడక కూడ వినబడును. కనుక ఆ బాలుని కథలో ఈ మాటను కొట్టివేసి దృఢకాయుడు చేర్చుట ఒక మాటకు బదులు మఱియొక మాట పెట్టుట కాదు. మేనమామను తీసివేసి బొమ్మను నిలుపుట.

దేహబలమును చెప్పు మన ఇతర మాటలను ఒకసారి కదలించి చూచినచో స్వచ్ఛత యను మాట ఎంత పలుచనిదో తెలియును. తాలింఖానాలో సాము నేర్పు గురువును వస్తాదు అందుము. అది పారసీకపు ఉస్తాద్. ఉపాధ్యాయుడని మాత్రమే దాని మూలార్థము. మన దేశమున కండలు పెంచు ఉపాధ్యాయునికే ఆ పేరు మిగిలినది. లెక్కలు చెప్పువానికి దక్కలేదు. పహిల్వాను అను మాట పార్థియా దేశమువారి పేరునుండి పుట్టినది. ఆ దేశపు వీరులు అంత ప్రసిద్ధులు. కుస్తీ అను మాట మల్లుడు నడుమునకు బిగించు పట్టీ పేరునుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. అనగా అదియు ఒక కట్టే! ఇక తాలింఖానా అను మాటలో తాలీము అరబ్బీ, ఖానా పారసీకము. దండీలు, బస్కీలు తీయు పిల్లలు తెలుగువారైనను తమిళులైనను ఆ మాటలనే వాడుదురు. వీటన్నిటిని తీసివేసి శుద్ధమైన తెలుగున ఒక మల్లయుద్ధమును వర్ణింపుమన్నచో మహాపండితుడైనను చతికిలబడును.

అచ్చతెలుగు మాట యున్నచోట దాని అర్థము నిలిచియున్నదా యన్నచో అదియు లేదు. లావు అను మాటను చూడుడు. నేడు లావు అనగా స్థూలత్వము. వెనుక దాని అర్థము బలము. పదునైదవ శతాబ్దమున పోతనామాత్యుని గజేంద్రుడు మొసలినోట చిక్కి తనకు లావు లేదని మొఱపెట్టుకొన్నది ఆ అర్థముననే. ఇప్పటి పిల్లవాడు ఆ పద్యమును విని, ఏనుగు చిక్కిపోయినందులకు ఏడ్చుచున్నది కాబోలు ననుకొనును. అట్లనుకొన్న పిల్లలను మేము చూచియున్నాము. వారి తప్పు లేదు. అచ్చమైన తెలుగుమాట అయిదువందల యేండ్లలో ఒక అర్థమునుండి మఱియొక అర్థమునకు జారినది. కట్టుమస్తు మాత్రము పరదేశపు సగము కలిగియుండియు తన అర్థమున బిగిసి నిలిచినది.

కండ యను మాట ఒక్కటి మాత్రము నమ్మకముగా మనవద్ద నున్నది. గురజాడవారు దేశభక్తి గేయమున దానిని వాడి, తిండికిని కండకును ముడివేసిన తరువాత దాని గౌరవము పెరిగినది. జీవశాస్త్ర పుస్తకములలోని కండరము దీనినుండి అల్లినదే. (ఆంగ్లమున దానికి సరియైన మసిల్ అను మాటకు లాటినున మూలార్థము చిట్టెలుక. దండను మడిచినపుడు చర్మము క్రింద కదలునది రోమనులకు ఎలుకవలె తోచినది. మనవారికి తోచలేదు; అంతే.) కాని కండ పదార్థమును చెప్పునే గాని రూపమును చెప్పదు. కండలు తిరిగిన అని రెండవ మాట చేర్చవలసి వచ్చును. మాట చాలనపుడు లోకము పేరును ఆశ్రయించును. వీరఘట్టమున పుట్టి, మన ప్రక్కనున్న సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, గుండెపై ఏనుగును నిలుపుకొని దేశదేశముల ప్రదర్శించిన కోడి రామమూర్తి నాయుడుగారిని జనులు ఏ విశేషణముతోను తృప్తిపడక కలియుగభీముడనిరి. వారు 1942లో గతించిరి. పేరు మాత్రము నేటికిని బలమునకు కొలబద్దగా నున్నది.

పరభాషాపదములను వెలివేయుట మన పూర్వుల పద్ధతి కాదు. ఆంగ్లేయుడైన సి. పి. బ్రౌను తన తెలుగు నిఘంటువును 1852లో ప్రకటించెను. అంతటితో తృప్తిపడక, తెలుగున వాడుకలో నున్న హిందూస్థానీ, పారసీక, ఆంగ్లాది పదములకై 1854లో మిశ్రభాషా నిఘంటువు నొకదానిని వేఱుగా అచ్చువేయించెను. కచేరీలలోను, సంతలలోను, పొలములలోను జనులు నిజముగా పలుకు మాటలు తెలియనిచో ఈ దేశమున న్యాయము చెప్పుట అసాధ్యమని న్యాయాధికారిగా పనిచేసిన ఆయనకు తెలియును. అంతకు ముప్పదియేడెనిమిది యేండ్లకు ముందే, 1816లో, మదరాసు కలెక్టరు ఎల్లిసు, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, దానికిని తమిళ కన్నడములకును ధాతువులు సమానములనియు, మాటల పట్టికలు వ్రాసి చూపెను. కాల్డువెల్ గ్రంథము వెలువడుటకు అది నలువది సంవత్సరముల ముందు మాట.

ఎల్లిసు పద్ధతిని మన ఊరిపేరుతో పరీక్షింపవచ్చును. సుబ్రహ్మణ్యస్వామి శూరసంహారానంతరము కోపము చల్లారి విశ్రమించిన కొండ కనుక తణిగై యైనదని స్థలపురాణము. అందుచేతనే ఇతర మురుగన్ క్షేత్రములలో జరుగు శూరసంహారోత్సవము ఇచట జరుగదు. తమిళమున తణి యనగా చల్లారు, శమించు. తెలుగున తనియు, తనివి, తనుపు అను మాటలు దాని తోబుట్టువులే. స్వామి కోపము తమిళమున తణిసినది, తెలుగున తనిసినది. కొండ మెట్లెక్కు భక్తునకు రెండును ఒకటే.

ఇక పారసీకపు సగము మన నేలకు ఎట్లు వచ్చెను? పదునెనిమిదవ శతాబ్దమున ఈ సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలో నుండెను. తిరుత్తణి కార్వేటినగరపు జమీందారులది. వారు నవాబునకు కప్పము కట్టినవారు. నవాబు కొలువున పత్రవ్యవహారము పారసీకమున జరిగెడిది. జమీను, తాలూకా, తహశీలు, వసూలు, జవాబు, కచేరీ మనకు ఆ కొలువుల వలన దక్కినవి. దండుతో వచ్చినవి వేఱు: సిపాయి, జవాను, సుబేదారు, హవల్దారు, కవాతు. తెలుగు పాళెగాండ్రు, తమిళ సిపాయిలు, కన్నడ రౌతులు, దక్కను ముసల్మానులు ఒకే గుడారముల నడుమ తిరిగిన కాలమది. మనుష్యుని కట్టును చూచి కొలువునకు తీసికొనుట దండు పని. మస్తు అను మాట అట్టి చోట కట్టుతో జతపడుటలో వింత లేదని మా అభిప్రాయము. తెలంగాణమున అది ఒంటరిగనే తిరిగి, మస్తుగా నున్నది యని సమృద్ధికి, మేలుకు, ఆనందమునకు అన్నిటికిని చెల్లుచున్నది. కన్నడమున మనవలెనే కట్టుమస్తు. కావున దీనిపై అరవమని వ్రాయుటకు ఆధార మెచట?

ఇందొక వినోదము కూడ కలదు. మన ఎఱ్ఱసిరా దీనిని అరవమని కొట్టివేయుచుండగా, తమిళమున శుద్ధవాదులు దీనిని తమిళము కాదని కొట్టివేయుచున్నారు. 1916లో మఱైమలై అడిగళ్ ఆరంభించిన తనిత్తమిళోద్యమము పరభాషాపదములను తమిళమునుండి ఏరివేయ సంకల్పించినది. కట్టుమస్తు వ్రాయుటకు తమిళునకు గ్రంథలిపి సకారము కావలెను. అదియే దాని నేరమునకు మొదటి సాక్ష్యము. వారు దానికి బదులు కట్టుడల్ అని వ్రాయుదురు. ఆ మాట బాగుగనే యున్నది. కాని సంతలో కోడెను చరచు రైతు దానిని అనడు. ఒక యింట అరవమని, ఒక యింట తురకమని వెళ్ళగొట్టబడిన మాట రెండిండ్ల నడుమ వీధిలో హాయిగా బ్రతుకుచున్నది. వీధిలో నున్నవారికి దాని కులగోత్రములతో పని లేదు.

ఇప్పుడు భయము సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో నుండెను. ఎల్లల తగవు రేగినది. పటాస్కరు మధ్యవర్తిత్వమున పరిష్కారము కుదిరి, 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. తిరుత్తణి తాలూకాలో అధికభాగము మదరాసు రాష్ట్రమునకు వచ్చెను. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయెను. గ్రామమున ఎందరు ఏ భాష పలుకుదురను లెక్క మీద గీత గీచిరి. మనుష్యులను లెక్కింపవచ్చును; మాటలను లెక్కించుటకు ఆ సంఘమువారికి తీరిక యుండదు. గీత కిటు చిక్కిన తెలుగువారి మనుమలు నేడు మన బడులలో చదువుచున్నారు. 1997 నుండి తిరువళ్ళూరే జిల్లాకేంద్రము.

2006లో తమిళనాడు శాసనసభ తమిళభాషాభ్యాసమును పాఠశాలలలో తప్పనిసరి చేయు చట్టము చేసినది. అది 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కి, 2015-16లో పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు పరీక్షనుండి మినహాయింపునకై న్యాయస్థానముల నాశ్రయింపవలసి వచ్చెను; ఆ వ్యవహారము 2023లో సుప్రీంకోర్టు వరకు పోయెను. తమిళము నేర్చుకొనుట మేలే. తమిళనాట బ్రతుకువానికి తమిళము రాకపోవుట ఒక అవిటితనము. ఈ ప్రాంతపు తెలుగు పిల్లవాడు ఆ అవిటితనము లేకుండనే పెరుగును. మా చింత వేఱు. బయటినుండి ఒత్తిడి పెరిగినకొలది లోపలివారు కాపలా ఎక్కువ చేయుదురు. ఇంట మిగిలినది కొద్దియే గనుక దానిని కల్తీ లేకుండ దాచవలెనను తపన పుట్టును. తిరుపతినుండి వచ్చిన బంధువు "మీది అరవ తెలుగు" అని నవ్వినపుడు ఆ తపన సిగ్గుగా మారును. ఆ సిగ్గే ఎఱ్ఱసిరా.

కాని చట్టము ఆ గీతను గీయుమనలేదు. బంధువు కూడ గీయుమనలేదు. దానిని మనమే గీచితిమి. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గుచున్నదని విచారించు మనము, ఉన్న పిల్లలను వారి మాటతోనే బెదరించుట తగునా? తెలుగుబడిలో తన తెలుగు తప్పని విన్న పిల్లవాడు, తెలుగే వద్దను తండ్రికి ఎదురు చెప్పునా? విజయవాడ పత్రికల తెలుగు, హైదరాబాదు దూరదర్శనపు తెలుగు ఎంత చక్కనివైనను వాటికొఱకు తిరుత్తణిలో ఒక బడి అక్కరలేదు. అవి ఇంటికే వచ్చుచున్నవి.

ఇట్లైనచో ఏ మాటనైనను ఒప్పుకొనవలెనా యని కొందరు అడిగిరి. కాదు. తలనొప్పి యను మాట నోటనుండగా తలవలి యని వ్రాయు పిల్లవానిని దిద్దవలసినదే. చెప్పుము అనుటకు బదులు చొల్లుము అని వ్రాసినను అంతే. అచట బ్రతికియున్న మాటను త్రోసి సోమరితనము కూర్చున్నది. కట్టుమస్తు ఎవరినీ త్రోయలేదు. దాని పీటపై ముందు ఎవరును లేరు. పైగా అది మన విభక్తులను, ప్రత్యయములను సుఖముగా ధరించినది. తమిళుడు ఆన చేర్చి కట్టుమస్తాన యనును, కన్నడిగుడు ఆద చేర్చి కట్టుమస్తాద యనును, మనము ఐన చేర్చి కట్టుమస్తైన యందుము. చదువు రాని అవ్వకు కూడ తెలిసి, మన ప్రత్యయముతో నడచి, మఱియొక మాట చెప్పలేనిదానిని చెప్పు పదము ఏ దేశమునుండి వచ్చిన నేమి? ఫరవాలేదు అను మాటలోని పరవా పారసీకము. దానిని కొట్టివేసినవారిని మేమింతవరకు చూడలేదు. తమిళుడును అదే మాటను తన విధమున పరవాయిల్లై యనుచున్నాడు.

శాస్త్రవ్యాసమున, రాజనీతి ప్రసంగమున దృఢకాయుడు, బలిష్ఠుడు ఉండనిండు. పరీక్షలో పర్యాయపదము లడిగినపుడు అవియే వ్రాయుడు; మార్కులు వచ్చును. ఇంటి మనిషిని గూర్చి, ఊరి జాతరను గూర్చి, వీధిలోని కుస్తీని గూర్చి వ్రాయునపుడు మాత్రము చెవికి వినబడినదే వ్రాయుడు. ఇకమీదట మా పత్రికకు వచ్చు కథలలో ఈ మాటను మేము దిద్దబోము.

వ్రాయు విధానమున ఒక జాగ్రత్త అవసరము. కొందరు గంభీరముగా నుండునని కట్టుమస్థు అని ఒత్తు థకారముతో వ్రాయుచున్నారు. స్వస్థుడు, గృహస్థుడు అను మాటల పోలికచేత అది సంస్కృతమని భ్రమించుటచే వచ్చిన దోషమిది. మస్తులో స్థకు తావు లేదు, తకారమే వ్రాయవలెను. దానిపై ఎఱ్ఱగీత గీచినచో మాకు ఆక్షేపణ లేదు.